మంచం పట్టిన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళే వాలంటీర్లకి ఆరు శనివారాల్లో ఏం నేర్పించాలి?

పల్నాడు_కాపరి | ఆదివారం రాత్రి 10:20

అందరికీ వందనాలు. చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్న సంగతి.

నాది పల్నాడు వైపు ఒక పాస్టరేట్. టౌన్లో ఒక గుడి, చుట్టూ నాలుగు ఊళ్ళలో చిన్న మందిరాలు. మొన్న సంఘం రిజిస్టరు తిరగేస్తే 70 దాటినవాళ్ళు 43 మంది తేలారు. వాళ్ళలో 17 మంది గుడికి రాలేరు. కొందరు మంచానికే, కొందరు వసారా దాకా.

నెలకోసారి వాళ్ళ ఇళ్ళకి ప్రభువు బల్ల, అంటే రొట్టె రసం, తీసుకెళ్తాను. రెండు రోజుల్లో 17 ఇళ్ళు. ఒక పాట, ఒక వాక్యం, ప్రార్థన, రొట్టె రసం, మళ్ళీ బండి. ఇంటికి పది నిమిషాలు. పోయిన నెల ఒక అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, ఇవాళ ప్రార్థన లేకపోయినా ఫర్లేదు, కాసేపు కూచో" అంది. నేను వాచీ చూసుకున్నాను. ఆమె చెయ్యి వదిలేసింది. అప్పట్నుంచి మనసు బాగోలేదు.

సెమినరీలో నాలుగేళ్ళు చదివాను. కాపరి పరిచర్య అని పేపరు ఉంది. పెళ్ళికి ముందు కౌన్సెలింగ్, తాగుడు, యవ్వనస్థుల సమస్యలు అన్నీ చెప్పారు. ముసలితనం గురించి ఒక్క పీరియడు, అదీ సిలబస్ అయిపోగొట్టే హడావుడిలో. ఇప్పుడు కమిటీవాళ్ళు ఆరు శనివారాలు, రోజుకి రెండు గంటలు శిక్షణ పెట్టమన్నారు. 12 మంది పేర్లిచ్చారు. స్త్రీల సమాజం నుంచి ఎనిమిది మంది, కుర్రాళ్ళు ముగ్గురు, ఒక రిటైర్డ్ కాంపౌండర్ గారు. ఏం నేర్పించాలో చెప్పండి. పుస్తకాల పేర్లు వద్దు, మావాళ్ళు చదవరు.

టీచరమ్మ_గుంటూరు | ఆదివారం రాత్రి 11:05

అయ్యగారూ, వయసును బట్టి నాయనా అనాలి మిమ్మల్ని. నాకు 76. మీ లెక్కలో 70 దాటిన సరుకునే. మోకాళ్ళు పనిచేయవు, చెవులు సగం, నోరు మాత్రం బాగానే ఉంది. కాబట్టి మొదట నేనే మాట్లాడతాను.

మీ శిక్షణలో మొదటి శనివారం పాఠం చెప్పకండి. మాలాంటివాళ్ళని నలుగురిని కూచోబెట్టి, "మేమొచ్చినప్పుడు మీకు ఏది చిరాకు?" అని అడిగించండి. నా జాబితా చెప్తాను.

మావాళ్ళు వస్తారు. నా మంచం పక్కనే నిలబడి మా కోడల్ని అడుగుతారు, "అమ్మగారు తింటున్నారా? నిద్రపోతున్నారా?" అని. అమ్మగారు ఇక్కడే ఉందిగా! 34 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, నేనేం తిన్నానో చెప్పలేనా?

రెండోది కేకలు. చెవుడు అని తెలిస్తే చాలు, అరుస్తారు. మిషన్ పెట్టుకున్న చెవిలో అరిస్తే గుయ్యిమంటుంది తప్ప మాట తెలియదు. నా ఎదురుగా కూచుని, నోరు నాకు కనపడేట్టు, మెల్లగా మాట్లాడితే చాలు. ఫ్యాను ఆపి, టీవీ ఆపితే ఇంకా మంచిది.

మూడోది, పోయినేడు ఒక కుర్రాడు వచ్చి భక్తిగా 90వ కీర్తన చదివాడు. ఆయుష్కాలం 70, మరీ బలముంటే 80 అని. నాకప్పుడు 75. "ఇంకో ఐదేళ్ళుందిలే నాయనా" అన్నాను. వాడికి అర్థం కాలేదు పాపం, ఆమెన్ అన్నాడు.

చాప్లిన్_డాలస్ | సోమవారం ఉదయం 7:30

టీచరమ్మ గారూ, ఆ ఆమెన్‌కి ఆఫీసులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

పాస్టర్ గారూ, నేను ప్రకాశం జిల్లావాణ్ణి. ఇక్కడ టెక్సస్‌లో ఒక ఆస్పత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగుల దగ్గరికి వెళ్ళే పాస్టరుగా, చేస్తున్నాను. ఈ పనికి రాకముందు ఇండియాలో ఎనిమిదేళ్ళు సంఘ కాపరిని. మీలాగే పది నిమిషాల ప్రార్థనలే చేశాను.

ఇక్కడ చాప్లిన్ కావాలంటే క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ చెయ్యాలి, సీపీఈ అంటారు. ఒక యూనిట్ అంటే 400 గంటలు. సర్టిఫికేషన్‌కి నాలుగు యూనిట్లు. దీని మూలం 1925లో ఆంటన్ బాయిసన్ అనే పాస్టరు. ఆయనే మానసిక రోగిగా ఆస్పత్రిలో ఉండి బయటికొచ్చిన మనిషి. మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌కి థియాలజీ విద్యార్థుల్ని తీసుకెళ్ళి, పుస్తకాలను ఎంత శ్రద్ధగా చదువుతారో ఈ రోగులనూ అంత శ్రద్ధగా చదవమన్నాడు. మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి చాప్లెన్సీ విభాగంలో సీపీఈ ఉంది. మీరు ఎప్పుడైనా సెలవు పెట్టగలిగితే వెళ్ళండి.

ఆరు శనివారాల్లో 400 గంటలు పట్టవు. కానీ అందులోని ఒక్క పనిముట్టు మాత్రం మీ ఊరికి తెచ్చుకోవచ్చు. వెర్బేటిమ్ అంటారు. ఒకరిని చూసివచ్చాక, అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాటకి మాట గుర్తు తెచ్చుకుని రాయడం. తర్వాత దాన్ని గ్రూపులో చదువుతారు. నేను రాసిన మొదటిది ఇంకా గుర్తుంది. అందుకే దాన్ని మన వాడుకలోకి మార్చి, మనిషి గుర్తుపట్టకుండా రాస్తున్నాను.

నేను: వందనాలు తాతగారూ, ఎలా ఉన్నారు?
తాత: ఏముంది. దేవుడు ఇంకా తీసుకెళ్ళట్లేదు.
నేను: అట్లా అనకూడదు తాతగారూ. మీరు నూరేళ్ళుండాలి.
తాత: ఆ.
నేను: వాక్యం చదువుకుందామా?
తాత: చదువు.

అంతే. ఇది గ్రూపులో చదివాక మా సూపర్‌వైజర్ ఒక్క ప్రశ్న వేసింది. "నూరేళ్ళుండాలి అన్నావే, అది ఎవరి కోసం అన్నావు?" నాకు జవాబు రాలేదు. తాత ఒక మాట బయటపెట్టాడు, నేను దానిమీద మూత పెట్టాను. ఎందుకంటే ఆ మాట వింటే నాకు భయమేసింది.

అదే "ఎదురుచూస్తున్నారా తాతగారూ?" అని ఆగి ఉంటే? ఆయన భార్య గురించి చెప్పేవాడేమో. నొప్పి గురించేమో. కొడుక్కి భారమయ్యాననేమో. ఇంకేదైనా చేసుకోవాలన్న ఆలోచన కూడా ఉండొచ్చు. అనుమానం వస్తే సూటిగా అడగాలి, "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. ఉంది అంటే ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్ళకి, డాక్టరుకి చెప్పాలి. టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416 వాలంటీర్లందరి ఫోన్లలో ఉండాలి.

పల్నాడు_కాపరి | సోమవారం ఉదయం 8:15

అన్నా, ఆ తాత సంభాషణ నేను కనీసం వందసార్లు చేసి ఉంటాను. "నూరేళ్ళుండాలి" అచ్చం అదే మాట.

ఒక సమస్య. మా 12 మందిలో ఐదుగురికి రాయడం సరిగా రాదు. వెర్బేటిమ్ ఎలా?

చాప్లిన్_డాలస్ | సోమవారం ఉదయం 8:40

రాయక్కర్లేదు, ఆడించండి. ఇద్దరు కుర్చీల్లో కూచుని ఆ మాటలు మళ్ళీ అనాలి, మిగతావాళ్ళు చూడాలి. మన ఆడవాళ్ళు పక్కింటి గొడవ మాటకి మాట, గొంతుతో సహా అప్పచెప్తారు. ఆ విద్య మా సీపీఈలో ఎవరికీ లేదు.

నర్సు_ఖమ్మం | సోమవారం మధ్యాహ్నం 2:50

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. మీరంతా మాటల గురించి చెప్తున్నారు, నేను ఒంటి గురించి చెప్తాను. ఇది తెలియక ప్రాణాల మీదికి తెస్తున్నారు.

మొదటిది. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన, ఇవాళ పొద్దున లేచి లేనివాళ్ళతో మాట్లాడుతున్నాడు, బట్టలు పీక్కుంటున్నాడు, కోడల్ని గుర్తుపట్టట్లేదు. ఇంట్లోవాళ్ళు ముందు పాస్టరుకే ఫోన్ చేస్తారు. దయ్యం అంటారు, చేతబడి అంటారు. దీన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా వేసిన మాత్ర, ఆఖరికి నాలుగు రోజుల మలబద్ధకం కూడా కారణం కావచ్చు. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. ఒక్క రోజులో, రెండు రోజుల్లో మారిపోతే అది ఎమర్జెన్సీ. ప్రార్థన అంబులెన్సులో కూడా చెయ్యొచ్చు. మా వార్డుకి మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో పెట్టి తెచ్చిన కేసుల్ని చూశాను.

రెండోది ఉపవాసం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్ళు శుక్రవారం ఉపవాసం ఉండి మందు మాత్రం వేసుకుంటారు. లేదా ఉపవాసం కదా అని బీపీ మాత్ర కూడా మానేస్తారు. పాస్టరు నోటితో "మీకు ఉపవాసం అవసరం లేదమ్మా" అని చెప్తేనే వింటారు. డాక్టరు చెప్తే వినరు. ఆ మాట మీరే చెప్పండి.

మూడోది మీ బల్ల. పక్షవాతం వచ్చినవాళ్ళకి మింగడం కష్టం. పొడి రొట్టె గొంతుకి అడ్డం పడుతుంది, నీళ్ళలా పల్చగా ఉండే రసం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పడుకోబెట్టి మాత్రం ఇవ్వకండి. నిటారుగా కూచోబెట్టి, చిన్న ముక్క రసంలో తడిపి ఇవ్వండి. అది కూడా ఇంట్లోవాళ్ళని అడిగాకే. మింగాక దగ్గు వస్తే, గొంతు గరగరలాడితే ఆపెయ్యండి. తర్వాత కూడా కాసేపు కూచోబెట్టే ఉంచండి.

పుండ్లు పడ్డ చోట నూనె రాసి రుద్దకండి. పైకి లేపడానికి చంకల కింద చేతులు వేసి లాగకండి. భుజం జారుతుంది.

విశ్వాస_పోరాటం | సోమవారం సాయంత్రం 6:10

ప్రైజ్ ది లార్డ్. అందరి మాటలూ చదివాను. బాధగా ఉంది. సేవకుడికి కావలసింది అభిషేకం. అమెరికా సైకాలజీ ఎందుకు? యాకోబు 5వ అధ్యాయంలో రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, నూనె రాసి ప్రార్థన చెయ్యాలి అని స్పష్టంగా ఉంది. సోడియం గురించి లేదు.

ఇంకో మాట. మాది చిన్న సంఘం, రేకుల షెడ్డు. మాలో మంచం పట్టిన అమ్మగారుంటే మా సహోదరీలు రోజూ వెళ్తారు. గంజి కాచి పోస్తారు, గుడ్డలు ఉతుకుతారు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మీ పెద్ద సంఘాలు నెలకోసారి సంచీ పట్టుకుని పది నిమిషాలు వెళ్ళి, ఇప్పుడు శిక్షణ అంటున్నారు.

నర్సు_ఖమ్మం | సోమవారం సాయంత్రం 6:45

బ్రదర్, పౌలు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఉపవాసం చెయ్యమనలేదు.

పల్నాడు_కాపరి | సోమవారం రాత్రి 9:30

సిస్టర్, ఆగండి. బ్రదర్ రెండో పేరా నన్ను గట్టిగా తగిలింది. నిజమే. నేను సంచీ పట్టుకెళ్ళేవాణ్ణే.

బ్రదర్, మీ సహోదరీలు ఆ గుడ్డలు ఉతికేటప్పుడు అమ్మగారు ఏం మాట్లాడుతుందో, వాళ్ళు ఏం జవాబిస్తారో మీకు చెప్తారా? అది మాకు కావాలి. మాకు లేనిది మీ దగ్గర ఉంది.

విశ్వాస_పోరాటం | సోమవారం రాత్రి 10:50

చెప్తారు. ఎక్కువ ఊ కొడతారంతే.

ఒక సంగతి ఒప్పుకుంటాను. మా నాన్నగారికి ఆఖరి ఏడాది రాత్రుళ్ళు అట్లాగే కేకలు. మేము దయ్యమనే అనుకున్నాం. గట్టిగా గద్దించాం. ఆయన మా వంక భయంగా చూసేవాడు. సిస్టర్ రాసింది చదివాక అదే గుర్తొస్తోంది. ఇంక దీని మీద మాట్లాడను.

కూతురు_హైదరాబాద్ | మంగళవారం ఉదయం 5:40

ఈ టైమ్‌కి మెలకువగా ఉండేది నాలాంటివాళ్ళే. మా అమ్మకి 81. అల్జీమర్స్, ఆరో ఏడు. బ్రదర్, మీ నాన్నగారి గురించి అంత బాధపడకండి. నేను డిగ్రీలు చదివి, ఇంటర్నెట్ చూసి కూడా మా అమ్మ మీద అరిచాను.

శిక్షణలో మతిమరుపు జబ్బుకి ఒక శనివారం మొత్తం ఇవ్వండి. మన దేశంలో 60 దాటినవాళ్ళ మీద చేసిన ఒక పెద్ద సర్వేలో 100కి 7.4 మందికి డిమెన్షియా ఉందని అంచనా వేశారు. మొత్తం 88 లక్షల మంది. మీ 43 మందిలో ముగ్గురో నలుగురో ఉండి ఉంటారు. ఇంట్లోవాళ్ళు "ముసలితనం, చాదస్తం" అనుకుంటుంటారు.

మా పాస్టరు గారు మంచివారే. కానీ వచ్చినప్పుడల్లా "అమ్మా, నేనెవరో చెప్పండి చూద్దాం?" అని అడిగేవారు. అమ్మ మొహం చిన్నబోయేది. పేరు తెలియదు, కానీ తనకి తెలియదన్న సంగతి మాత్రం తెలుస్తుంది. దయచేసి పరీక్ష పెట్టకండి. "అమ్మా, నేను గుడి నుంచి వచ్చాను, మీ పాస్టర్ని" అని మీరే చెప్పండి. ప్రతిసారీ చెప్పండి. అమ్మ నాన్న ఎక్కడ అని అడుగుతుంది. నాన్న పోయి 11 ఏళ్ళయింది. మొదట్లో నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే ఏడ్చేది. ఇప్పుడు "నాన్న గురించి చెప్పమ్మా" అంటాను. కాకినాడ, సైకిలు, పెళ్ళి అన్నీ వస్తాయి.

రెండేళ్ళ నుంచి సంఘంవాళ్ళు రావడం తగ్గించారు. "ఆమెకి ఎలాగూ తెలియదుగా" అన్నారట ఎవరో. నా పేరు మర్చిపోయిన అమ్మ, చిన్నప్పటి కీర్తన మొదటి పాదం నేను ఎత్తుకుంటే నాలుగు చరణాలూ రాగంతో సహా పాడుతుంది. కొత్త పాటలు, కీబోర్డు పాటలు కాదు. మీ వాలంటీర్లకి పాత కీర్తనలు పది కంఠతా నేర్పించండి. కుర్రాళ్ళకి ముఖ్యంగా.

ఇంకొకటి. మీవాళ్ళు వచ్చినప్పుడు అమ్మని చూడండి, సరే, నన్ను కూడా చూడండి. నాకు వాక్యం వద్దు. ఆదివారం రెండు గంటలు ఎవరైనా అమ్మ దగ్గర కూచుంటే నేను గుడికి వెళ్తాను. గుడికి కాకపోతే బ్యాంకుకి. లేదా పడుకుంటాను.

టీచరమ్మ_గుంటూరు | మంగళవారం ఉదయం 6:15

తల్లీ, గుంటూరు నుంచి రాలేను గానీ ఉంటే నేనొచ్చి కూచునేదాన్ని. లెక్కలు చెప్పనులే.

వకీలు_రాజమండ్రి | మంగళవారం ఉదయం 11:00

నేను చెప్పేది ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా చెప్పాలి.

పెద్దవాళ్ళ ఇళ్ళకి నమ్మకంగా వెళ్ళే ప్రతి మనిషి దగ్గరికీ ఆస్తి సంగతి వచ్చి తీరుతుంది. "బాబూ, ఈ కాయితం మీద సాక్షి సంతకం పెట్టు" అంటారు. పెట్టకూడదు. "నా గాజులు నీ దగ్గర దాచు" అంటారు. దాచకూడదు. "ఈ సెంటు స్థలం గుడికి రాస్తాను" అంటారు. ఆ క్షణంలో వాలంటీరు గానీ పాస్టరు గానీ నోరు మెదపకూడదు. పిల్లలకి తెలిసేట్టు, వేరే లాయరు దగ్గర, తీరిగ్గా జరగాలి. మంచం పక్కన రాయించుకున్న దానపత్రాలతో సంఘాలు కోర్టుల చుట్టూ తిరగడం నా కళ్ళతో చూస్తున్నాను.

పింఛను డబ్బు నుంచి దశమభాగం వసూలు చెయ్యకండి. ఆంధ్రాలో నెలకి 4,000, తెలంగాణలో 2,016. ఆ డబ్బులోనే మందులు. ఇస్తామని వాళ్ళు పట్టుబడితే అది వేరే సంగతి, కానీ ఇంటికొచ్చిన వాలంటీరు చేతికి వద్దు.

ఇక చట్టం. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 60 దాటి, సొంతంగా బతకలేని తల్లో తండ్రో పిల్లల మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. నెలకి 10,000 దాకా ఇప్పిస్తారు. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించొచ్చు. ఆ షరతు కాయితంలో ఉండేట్టు చూసుకోవడం మేలు. కొట్టినట్టు గుర్తులు, అన్నం పెట్టని ఆనవాళ్ళు కనపడితే 14567కి ఫోన్ చెయ్యొచ్చు, అది వృద్ధుల హెల్ప్‌లైన్. మీ వాలంటీర్లకి ఒక్క మాట నేర్పండి, "మీ ఇంట్లో మీకు భయంగా ఉంటుందా?" అని అడగడం. కొడుకు పక్కన లేనప్పుడు.

మోడరేటర్ | మంగళవారం మధ్యాహ్నం 12:20

చిన్న గమనిక. ఎవరి ఇంటి సంగతి రాసినా పేరు, ఊరు, వాడ తెలిసేట్టు రాయకండి. పెద్దవాళ్ళతో సెల్ఫీలు ఇక్కడ పెట్టకండి. ఇప్పటికే రెండు తీసేశాను. ఒక ఫోటోలో ఆ అమ్మగారికి నోట్లో పళ్ళ సెట్ కూడా లేదు. ఆమెని అడిగే తీశారా?

సికింద్రాబాద్_విచారణ | మంగళవారం రాత్రి 8:30

నేను కథోలికుణ్ణి. మా వైపు సంగతి ఒకటి చెప్తాను.

మా ఇళ్ళలో ఫాదర్ గారు నూనెతో వస్తున్నారంటే ఇప్పటికీ ఏడుపు మొదలవుతుంది. చావు దగ్గరపడిందని. పూర్వం ఆ సంస్కారాన్ని ఆఖరి గడియల్లోనే ఇచ్చేవారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత దాన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటున్నారు. పెద్ద జబ్బు చేసినప్పుడు, ఆపరేషన్ ముందు, ముసలితనంలో బలం తగ్గినప్పుడు తీసుకోవచ్చు, మళ్ళీ మళ్ళీ కూడా. అరవై ఏళ్ళయినా మా నాయనమ్మలకి ఆ భయం పోలేదు. కాబట్టి వాలంటీర్లు ముందు వెళ్ళి "ఇది ఎందుకు" అని చెప్పి రావాలి. మీ బల్లకీ అంతే అనుకుంటాను. ఉన్నట్టుండి పాస్టరు, పెద్దలు, సంచీతో అందరూ కలిసి వస్తే పెద్దాయనకి ఏమనిపిస్తుంది?

ఒకటి చూసి రండి కుదిరితే. సికింద్రాబాద్‌లో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ వాళ్ళ వృద్ధాశ్రమం ఉంది. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే ఆమె చూపులేని ఒక ముసలామెను తన మంచం మీద పడుకోబెట్టి, తను వేరేచోట పడుకుని మొదలుపెట్టిన కన్యాస్త్రీల సభ అది. అక్కడి సిస్టర్లు గదిలోకి వెళ్ళేముందు తలుపు తట్టడం గమనించాను. తలుపు తీసే ఉంది. అయినా తట్టారు.

బైబిల్_ఉమెన్_మనవరాలు | బుధవారం ఉదయం 9:10

అందరూ డాలస్ అంటున్నారు, వెల్లూరు అంటున్నారు. మా అమ్మమ్మ బైబిల్ ఉమెన్, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే జీతపు పరిచారిక. గోదావరి జిల్లాల్లో 30 ఏళ్ళు తిరిగింది. రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ బైబిల్ శిక్షణ పాఠశాల లాంటివి ఉండేవి ఇలాంటి ఆడవాళ్ళకి. తెల్లచీర, గుడ్డసంచి, గొడుగు. వాక్యం చెప్పడానికే వెళ్ళేదని రికార్డుల్లో ఉంటుంది. ఇంట్లో నేను విన్నది వేరు. ముసలమ్మలకి తల దువ్వేది, కాళ్ళగోళ్ళు తీసేది, పట్నంలో ఉన్న కొడుక్కి ఉత్తరం రాసిపెట్టేది. ఉత్తరం రాసేటప్పుడే అసలు సంగతులన్నీ బయటపడేవని చెప్పేది. ఇప్పుడు ఆ జీతాలు, ఆ పోస్టులు చాలాచోట్ల పోయాయి. ఆ పనిని మళ్ళీ వాలంటీర్లతో చేయిద్దామంటున్నాం.

ఉత్తరాలు లేవు గనక వీడియో కాల్ కలిపిపెట్టండి. మా వీధిలో సగం మంది పిల్లలు అమెరికాలో, గల్ఫ్‌లో. ఈ పెద్దవాళ్ళకి ఉన్న పెద్ద భయం ఏంటో తెలుసా? చావు కాదు. "నా కొడుకు వచ్చేదాకా నన్ను ఎన్ని రోజులు ఆ ఫ్రీజర్ బాక్సులో పెడతారు?" అని. రెండో భయం, ఎక్కడ పెడతారు అని. సిటీలో సమాధుల తోటల్లో చోటు లేదు. కొడుకులు విశ్వాసంలో లేని ఇళ్ళలో ఇంకో చిక్కు. తల్లికి భూస్థాపన కావాలి, కొడుకులు దహనం అంటారు. బతికుండగా ఎవరూ అడగరు, పోయాక వాకిట్లో గొడవ. ఈ మాట ముందే, మెల్లగా, అమ్మ నోటితోనే కొడుకుల ముందు చెప్పించడం కూడా కాపరి పనే.

చాప్లిన్_డాలస్ | బుధవారం ఉదయం 9:40

ఈ పోస్టు నా పోస్టు కంటే పైన పెట్టాలి మోడరేటర్ గారూ. ఫ్రీజర్ బాక్సు మాట నిజం. మా అమ్మ నన్ను అదే అడిగింది. నేను "అట్లా అనకూడదమ్మా" అన్నాను. చాప్లిన్‌ని, నేనే అన్నాను.

పల్నాడు_కాపరి | మరుసటి ఆదివారం రాత్రి 9:15

నిన్న మొదటి శనివారం అయింది. టీచరమ్మ గారి మాట ప్రకారం నలుగురు పెద్దవాళ్ళని ఆటోల్లో తెచ్చాం. గుడి మెట్లు ఏడు. ఒక తాతగారు మెట్ల దగ్గర ఆగి, "ఇవి కట్టినప్పుడు చందా ఇచ్చింది నేనే" అన్నారు. కాంపౌండర్ గారు, కుర్రాళ్ళు కలిసి కుర్చీతో సహా పైకి చేర్చారు. ర్యాంపు సంగతి కమిటీ అజెండాలో పెట్టాను.

వాళ్ళు చెప్పినవి చాలావరకు మీరు చెప్పినవే. కొత్తది ఒకటుంది. 84 ఏళ్ళ ఒకామె, "నన్ను ఎవ్వరూ ఏమీ అడగరు. ప్రార్థన చెయ్యమని కూడా. నేను మీకోసం చెయ్యగలను కదా" అంది. 12 మంది పేర్లూ రాయించుకుని తీసుకెళ్ళింది. రోజుకి ఇద్దరట.

తర్వాత జంటలుగా కూచోబెట్టి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉండమన్నాను. కుర్రాళ్ళు ముప్పై సెకన్లకే నవ్వేశారు. కాంపౌండర్ గారు నిమిషానికి "కాబట్టి ప్రియులారా" అని మొదలుపెట్టేశారు. ఆడించడం మాత్రం అన్న చెప్పినట్టే అయింది. స్త్రీల సమాజం వాళ్ళు సినిమా చూపించారు. అత్తగారి పాత్ర వేసినామె నిజంగానే ఏడ్చింది, ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అది తప్పో ఒప్పో ఇంకా తెలియట్లేదు.

మిగతా ఐదు శనివారాలు ఇలా అనుకుంటున్నాను. రెండోది వినడం, మూడోది నర్సు సిస్టర్ చెప్పినవి, నాలుగోది మతిమరుపు, పాత కీర్తనలు, ఐదోది వకీలు గారి జాగ్రత్తలు, చావు మాటలు. ఆరోదానికి ఏం పెట్టాలో తెలియక ఖాళీగా ఉంచాను. సిస్టర్, మూడో వారం మీకు డ్యూటీ లేకపోతే వీడియోలో ఒక అరగంట కుదురుతుందా?

సాయంత్రం, పోయిన నెల నా చెయ్యి పట్టుకున్న ఆ అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను. సంచీ తీసుకెళ్ళలేదు, వాచీ బండి డిక్కీలో పెట్టాను. గంటా ఇరవై నిమిషాలు కూచున్నాను. ఆమె 1977 నవంబరు గురించి చెప్పింది, దివిసీమ ఉప్పెన. పుట్టిల్లు అటువైపట. పదేళ్ళుగా ఇంటికి వెళ్తున్నాను, నాకు తెలియదు. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. మోడరేటర్ గారు వద్దన్నారని కాదు. లేచేటప్పుడు నేనే ప్రార్థన చెయ్యనా అని అడిగాను. "ఇవాళ చెయ్యి" అంది.

నర్సు_ఖమ్మం | ఆదివారం రాత్రి 9:50

మూడో శనివారం ఆఫ్ పెట్టుకుంటాను. రొట్టె, గ్లాసు రసం, రెండు దిండ్లు సిద్ధంగా ఉంచండి. ఎలా కూచోబెట్టాలో చేసి చూపిస్తాను. విశ్వాస_పోరాటం బ్రదర్ కూడా లింకులోకి వస్తే సంతోషం.

టీచరమ్మ_గుంటూరు | ఆదివారం రాత్రి 10:30

ఆరో శనివారం ఖాళీ అన్నారుగా. నరసరావుపేట బస్సు మా వీధి చివరే ఆగుతుంది, మనవడు ఎక్కిస్తాడు. పరీక్ష నేను పెడతాను. మంచం ఒకటి వేయించండి, అందులో పడుకుంటాను. ఒక్కొక్కరూ వచ్చి నన్ను పలకరించాలి. చెవిలో మిషన్ తీసేసి ఉంచుతాను, ఆ సంగతి ముందే చెప్పకండి. 90వ కీర్తన చదివినవాడికి సున్నా.